సుల్తాన్ ఖాబూస్‌కి మార్కులు వెయ్యాలంటే ఎక్కడ చూడాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది క్లుప్తంగా ఇది: "మా నాన్న మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. ఒమన్ సుల్తాన్ ఖాబూస్ పేరు చెబితే ఇప్పటికీ దండం పెడతారు. నా స్నేహితులేమో చమురు డబ్బుంటే ఎవడైనా రోడ్లూ ఆసుపత్రులూ కడతాడు, పైగా ఆయన బ్రిటిష్ వాళ్లు కూర్చోబెట్టిన నియంత అంటారు. ఇంతకీ ఆయన్ని ఎలా అంచనా వెయ్యాలి?"

మస్కట్‌లో చమురు బావులకి సర్వీసు చేసే ఒక కంపెనీలో నేను అకౌంట్స్ చూసేవాణ్ని. ఖాబూస్ 1970 నుంచి 2020 దాకా పాలించాడు, అందులో రెండో సగం నా కళ్లముందే నడిచింది. మొదటి సగం మాత్రం చదివిందీ, పాతకాలం ఒమనీల దగ్గర విన్నదీ. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, అలా చెబితే మీకు ఒరిగేదేమీ లేదు. చమురు రాజుల్ని చూసేటప్పుడు నేను ఒకటే గమనిస్తాను. డబ్బుతో పని జరగని చోట ఆయన ఏం చేశాడు, డబ్బుతో పని జరిగిపోయే చోట ఏం చేశాడు? ఖాబూస్ విషయంలో ఈ రెండింటికీ వచ్చే జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. మొదటి దాంట్లో ఆయన చాలా గట్టివాడు. రెండో దాంట్లో మామూలు గల్ఫ్ పాలకుడే, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

ముందు ఆ "చమురు డబ్బు" సంగతి చూద్దాం. మనకి గల్ఫ్ అంతా ఒకటే దేశంలా కనిపిస్తుంది గానీ, ఆ వీధిలో ఒమన్‌ది మధ్యతరగతి ఇల్లు. సౌదీ నిల్వలు సుమారు 26,000 కోట్ల బ్యారెళ్లు, కువైట్‌వి 10,000 కోట్ల దగ్గర. ఒమన్‌వి 500 కోట్లు, ఆ పైన కాస్త. చమురు ఎగుమతి చేసే దేశాల సంఘం ఒపెక్‌లో సభ్యత్వమే లేదు. ఆ ఉన్న చమురు కూడా తేలిగ్గా పైకి రాదు. దక్షిణాన మర్మూల్‌లో చమురు చిక్కగా ఉంటుంది, పాలిమర్ కలిపిన నీళ్లు లోపలికి పంపి దాన్ని తొయ్యాలి. ముఖైజ్నాలో అయితే ఆవిరి పంపి కరిగించాలి, ఆ ఆవిరి కోసం గ్యాస్ కాల్చాలి. సౌదీలో బ్యారెల్ తియ్యడానికి అయ్యే ఖర్చుకీ ఇక్కడి ఖర్చుకీ పోలికే లేదు. 2001 ప్రాంతంలో రోజుకి 9.5 లక్షల బ్యారెళ్లు తీసిన దేశం 2007 నాటికి 7 లక్షల చిల్లరకి జారిపోయింది. ఈ తిప్పలన్నీ పడ్డాక 2016కి మళ్లీ 10 లక్షల దాకా ఎక్కింది. అంటే ఖాబూస్ చేతిలో పడ్డది తరగని గని కాదు, జాగ్రత్తగా వాడుకుంటే ఒక తరం నడిచే సొమ్ము.

ఇక డబ్బుంటే ఎవరైనా చేస్తారన్న మాటకి ఆయన తండ్రే జవాబు. సయీద్ బిన్ తైమూర్ 1932 నుంచి 1970 దాకా పాలించాడు. అజ్మీర్‌లోని మేయో కాలేజీలో చదువుకున్నవాడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. ఒమన్ చమురు మొదటిసారి ఎగుమతి అయింది 1967 జులైలో, ఆయన హయాంలోనే. ఆ తర్వాత మూడేళ్లు డబ్బు వచ్చింది, ఖజానాలో చేరింది. దేశంలో మాత్రం 1970 నాటికి బళ్లు మూడే, వాటిలో చదివేది సుమారు 900 మంది మగపిల్లలు. ఆడపిల్లలకి ప్రభుత్వ బడి లేదు. తారు రోడ్డు పట్టుమని 10 కిలోమీటర్లు. జబ్బు చేస్తే మస్కట్ పక్కనున్న మత్రాలోని అమెరికన్ మిషన్ ఆసుపత్రే దిక్కు. చీకటి పడ్డ మూడు గంటలకి ఫిరంగి పేల్చి మస్కట్ కోట తలుపులు మూసేవారు. ఆ తర్వాత వీధిలో నడిచేవాడు చేతిలో లాంతరు పట్టుకుని తీరాలి, లేకపోతే లోపలేస్తారు. ఇదేదో పురాణకాలం కాదు, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన తర్వాతి సంవత్సరం కూడా మస్కట్‌లో ఇదే నడిచింది.

సయీద్‌కి ఓ న్యాయం చెయ్యాలి. ఆయన గద్దె ఎక్కేసరికి దేశం అప్పుల్లో ఉంది. ఆయన తండ్రి తైమూర్ ఆ బాధ పడలేక గద్దె వదిలేసి చివరికి బొంబాయిలో కన్నుమూశాడు. అప్పంటే సయీద్‌కి హడల్. అప్పులిచ్చినవాడు తన మీద పెత్తనం చేస్తాడని భయం, ఆ భయం ఉత్తదేం కాదు. పాత అప్పులన్నీ తీర్చేశాడు. 1958లో గ్వాదర్ ఓడరేవుని పాకిస్తాన్‌కి 30 లక్షల పౌండ్లకి ఇచ్చేశాడు. కానీ అప్పు చెయ్యకపోవడం ఒక్కటే పాలన అనుకున్నాడు. మస్కట్ మొహం చూడకుండా దక్షిణాన ఉన్న సలాలా కోటలోనే ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఆ కోటకి దగ్గర్లోనే కన్నకొడుకుని కూడా ఆరేళ్ల పాటు ఇంట్లో కట్టిపడేశాడు. ఆ కొడుకే ఖాబూస్. శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో తర్ఫీదు పొంది, జర్మనీలో బ్రిటిష్ రెజిమెంట్‌లో పనిచేసి ఇంటికొచ్చిన కొడుకు.

మీ స్నేహితులు చెప్పిన "బ్రిటిష్ వాళ్లు కూర్చోబెట్టారు" అన్నది అబద్ధం కాదు. 1970 జులై 23న సలాలా కోటలో జరిగింది బ్రిటిష్ అధికారులకి తెలిసి, వాళ్ల సాయంతో జరిగిన పని. ఆ గలాటాలో సయీద్ తన తుపాకీతో తన కాలి మీదే కాల్చుకున్నాడు. సంతకం పెట్టించుకుని విమానం ఎక్కించారు. లండన్ డోర్చెస్టర్ హోటల్లో ఉంటూ 1972లో పోయాడు. ఒమన్‌లో ఈ కథ బళ్లో చెప్పరు, జులై 23ని "నహ్దా", అంటే పునరుజ్జీవనం, మొదలైన రోజుగా చెబుతారు. అయితే గద్దె ఎలా దక్కిందన్న దాంతోనే తీర్పు చెప్పేస్తే గల్ఫ్‌లో ఒక్కడూ మిగలడు. అబూధాబీలో షేక్ జాయెద్ 1966లో అన్న షఖ్బూత్‌ని దించింది కూడా బ్రిటిష్ వాళ్ల అండతోనే. అక్కడా ఫిర్యాదు అదే, వచ్చిన డబ్బు ఖర్చు పెట్టడం లేదని.

ఖాబూస్‌కి గద్దెతో పాటు ఒక యుద్ధం కూడా వచ్చింది. నా లెక్కలో ఆయన పాలన మొత్తానికీ గీటురాయి ఇదే. దక్షిణాన ధోఫార్ కొండల్లో 1960ల మధ్య నుంచీ తిరుగుబాటు నడుస్తోంది. మొదట్లో సయీద్ పీనాసితనం మీద కోపంతో మొదలైంది, తర్వాత కమ్యూనిస్టుల చేతుల్లోకి వెళ్లింది. దక్షిణ యెమెన్ నుంచి ఆయుధాలు, చైనా నుంచి సాయం. కొండలన్నీ వాళ్ల చేతిలోనే. అప్పటికి ఒమన్ దగ్గర యుద్ధాన్ని డబ్బుతో గెలిచేంత సొమ్ము లేదు, 1973 చివర్లో చమురు ధర నాలుగింతలు అయ్యేదాకా లేదు.

కొత్త సుల్తాన్ మొదట చేసిన పనుల్లో ఒకటి క్షమాభిక్ష. లొంగిపోయినవాణ్ని జైల్లో వెయ్యలేదు, తుపాకీ తిరిగి చేతికిచ్చి జీతం ఇచ్చాడు. వాళ్లతో "ఫిర్ఖత్" అనే దళాలు కట్టారు. ఒక్కో తెగకి ఒక్కో దళం, వాళ్ల కొండ వాళ్లే కాపలా కాయాలి. ఒక ప్రాంతం చేతికి రాగానే వెనకాలే రిగ్గు వెళ్లేది. ముందు బోరు, తర్వాత మసీదు, చిన్న బడి, మందుల గది, ఒక దుకాణం. ధోఫార్ కొండల్లో మనిషికీ ఒంటెకీ పశువుకీ నీళ్లే ప్రాణం. బోరు దగ్గరికి మంద వచ్చిందంటే ఆ మంద గలవాడు కూడా వచ్చినట్టే. ఆ దళాల్లో పనిచేసిన ఒక ముసలాయన తర్వాత మా కంపెనీ యార్డులో సెక్యూరిటీ గేటు దగ్గర ఉండేవాడు. సుల్తాన్ గురించి అడిగితే యుద్ధం మాట ఎత్తేవాడే కాదు, తమ ఊరి బోరు ఎన్ని అడుగుల్లో పడిందో చెప్పేవాడు.

ఇందులో సైనిక బలం పాత్ర లేదని నేననను. బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్ఏఎస్ వాళ్లున్నారు, ఇరాన్ షా వేల మందిని పంపాడు, జోర్డాన్ సైన్యం వచ్చింది. 1972 జులైలో మిర్బాత్ దగ్గర గుప్పెడు మంది ఎస్ఏఎస్ సైనికులు నిలబడకపోతే కథ మరోలా ఉండేదేమో. కానీ అదే కాలంలో ఇంతకంటే పెద్ద సైన్యాలు పెట్టుకుని తిరుగుబాట్ల ముందు ఓడిపోయిన ప్రభుత్వాలు బోలెడు. 1975 డిసెంబరులో యుద్ధం ముగిసిందని ప్రకటించాక ఇంకో పని జరిగింది, నాకు అది గెలుపు కంటే పెద్దది. ఓడిపోయినవాళ్లని వెతికి వెతికి ఉరి తియ్యలేదు. చదువుకున్నవాళ్లకి ప్రభుత్వంలో కుర్చీలు ఇచ్చారు. ఒకప్పుడు ధోఫార్ విమోచన ఉద్యమంలో ఉన్న యూసుఫ్ బిన్ అలవీయే ఆ తర్వాత దశాబ్దాల పాటు ఒమన్ విదేశాంగ వ్యవహారాలు చూశాడు. అదే చేత్తో 1970లో బానిసత్వం రద్దయింది. తన సొంత కోటలోనే బానిసలుండే ఇంట్లో పుట్టిన మనిషి చేసిన పని అది.

బళ్లూ ఆసుపత్రుల విషయంలో లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1970 ప్రాంతంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 200 మందికి పైగా ఐదేళ్లు నిండకుండానే పోయేవారు. ఆయన చివరి ఏళ్లకి అది 12 దగ్గరికి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో దేశాల ఆరోగ్య వ్యవస్థలకి ర్యాంకులిస్తే ఒమన్‌కి 8వ స్థానం. 1970 నుంచి నలభై ఏళ్లలో మానవాభివృద్ధిలో ఎవరు ఎక్కువ ముందుకొచ్చారని ఐక్యరాజ్యసమితి 2010లో 135 దేశాల్ని పోల్చి చూస్తే మొదటి పేరు ఒమన్‌దే. 1986లో యూనివర్సిటీ తెరిచారు. ఇక్కడొక మాట గమనించండి. ఇదే చమురుతో, ఇంతకంటే ఎక్కువ చమురుతో ఇరాక్ ఏమైందో, లిబియా ఏమైందో మనకి తెలుసు. డబ్బు ఉండటం వేరు, అది కొండ మీది మందుల గది దాకా చేరడం వేరు.

పొరుగువాళ్లతో నడిచిన తీరు మరో మంచి పద్దు. ఇక్కడ కూడా డబ్బు పనిచెయ్యదు, ఒమన్‌కి సౌదీని కొనేంత సొమ్మూ లేదు, ఇరాన్‌ని ఆపేంత సైన్యమూ లేదు. హోర్ముజ్ జలసంధికి ఒక ఒడ్డున ఇరాన్, రెండో ఒడ్డున ఒమన్. 1979లో ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకుందని అరబ్బు దేశాలు ఈజిప్టుని వెలేస్తే ఒమన్ వెలెయ్యలేదు. ఇరాన్‌లో విప్లవం వచ్చి, తనకి సైన్యం పంపిన షా పారిపోయినా, కొత్త ప్రభుత్వంతో మాటలు తెంచుకోలేదు. అదే సమయంలో అమెరికాకి తన స్థావరాలు వాడుకోనిచ్చాడు. 2012, 2013ల్లో అమెరికా, ఇరాన్ అధికారులు గుట్టుగా కూర్చుని మాట్లాడుకున్నది మస్కట్‌లోనే, 2015 అణు ఒప్పందానికి పునాది అక్కడే పడింది. 2015లో యెమెన్ మీద బాంబులు వేసే కూటమిలో గల్ఫ్ రాజ్యాల్లో చేరనిది ఒమన్ ఒక్కటే. 2017లో ఖతార్‌ని దిగ్బంధం చేసినప్పుడు కూడా దూరంగానే ఉంది, ఉత్తర ఒమన్‌లోని సొహార్ రేవు మీదుగా ఖతార్‌కి సరుకు వెళ్లింది. ఇలాంటి విషయాల్లో మస్కట్‌లో పెద్దగా ప్రకటనలు ఉండేవి కాదు. పేపర్లో నాలుగు లైన్లు, పక్కన సుల్తాన్ ఫొటో, అంతే.

ఇక రెండో వైపు. నాకు కష్టంగా ఉండేది ఇక్కడే, ఎందుకంటే మీ నాన్నగారిలాగే నేనూ ఆ దేశం అన్నం తిన్నవాణ్ని.

ఆయన సుల్తాన్ మాత్రమే కాదు. ప్రధాని ఆయనే, రక్షణ మంత్రి ఆయనే, ఆర్థిక మంత్రి ఆయనే, విదేశాంగ మంత్రి ఆయనే, సెంట్రల్ బ్యాంకు అధిపతీ ఆయనే. యూసుఫ్ బిన్ అలవీ హోదా కూడా "విదేశాంగ వ్యవహారాల బాధ్యత చూసే మంత్రి" మాత్రమే. యుద్ధం నడిచే 1972లో ఇలా ఉందంటే అర్థం చేసుకోవచ్చు. 2012లో కూడా అలాగే ఉంది. షూరా మండలి అనే సలహా సభని 1991లో పెట్టారు, 2003 నుంచి 21 ఏళ్లు నిండిన ఆడా మగా అందరికీ ఓటు ఇచ్చారు, బాగానే ఉంది. కానీ ఆ సభ బడ్జెట్‌ని ఆపలేదు, మంత్రిని దించలేదు. పార్టీలు పెట్టుకోవడానికి లేదు. ఏడాదికోసారి ఆయనే గుడారాలేసుకుని దేశం తిరిగేవాడు, జనం వచ్చి నేరుగా అర్జీలిచ్చేవారు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. అయితే రాజు గుడారం ముందు అర్జీ పెట్టుకోవడానికీ, పౌరుడిగా లెక్క అడగడానికీ చాలా తేడా ఉంది.

ఆ తేడా 2011 ఫిబ్రవరిలో సొహార్‌లో బయటపడింది. ఊరి మధ్యలో గ్లోబు బొమ్మ ఉన్న రౌండ్ అబౌట్ దగ్గర ఉద్యోగాల్లేని కుర్రాళ్లు కూర్చున్నారు. గమనించండి, వాళ్లు సుల్తాన్‌ని దిగిపొమ్మనలేదు. అవినీతి మంత్రుల్ని తియ్యమన్నారు, ఉద్యోగాలు అడిగారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఊళ్లో పెద్ద సూపర్ మార్కెట్ ఒకటి కాలిపోయింది. రోడ్డు మూసెయ్యడంతో మా లారీలు రోజుల తరబడి రేవులోనే ఉండిపోయాయి.

ఆయన స్పందన వేగంగానే వచ్చింది. మంత్రుల్ని మార్చాడు, ప్రైవేటులో ఒమనీల కనీస జీతం 140 నుంచి 200 రియాళ్లకి పెంచాడు, 50,000 ఉద్యోగాలు ప్రకటించాడు, నిరుద్యోగులకి నెలకి 150 రియాళ్లు అన్నాడు. షూరాకి కాస్త అధికారం కూడా పెంచాడు. కుర్రాళ్లు ఇళ్లకి వెళ్లారు. అదే ఏడాది అక్టోబరులో మస్కట్‌లో రాయల్ ఒపేరా హౌస్ తెరిచారు. (సంగీతమంటే ఆయనకి ప్రాణం, ఆ భవనం నిజంగా అందంగా ఉంటుంది. కానీ ఆ ఏడాదే తెరవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.) మరుసటి ఏడాది 2012లో, సుల్తాన్‌ని అవమానించారన్న కేసుల కింద రచయితల్నీ బ్లాగర్లనీ జైల్లో పెట్టారు. 2016లో న్యాయస్థానాల్లో అవినీతి గురించి రాసిన "అజ్జమన్" పత్రికని మూసేశారు. ధోఫార్‌లో తన మీద తుపాకీ ఎత్తినవాడికి కుర్చీ ఇచ్చిన మనిషి, కలం ఎత్తినవాడికి జైలు ఇచ్చాడు. మొదటి పని చేసినప్పుడు చేతిలో డబ్బు లేదు, కాబట్టి రాజకీయం చెయ్యాల్సి వచ్చింది. రెండో పని నాటికి డబ్బుంది. బ్యారెల్ 100 డాలర్లు ఉన్న రోజులవి. ఉద్యోగాలు పంచిపెడితే సరిపోతుందనుకున్నాడు.

ఆ పంపకం బిల్లు 2014 చివర్లో చేతికొచ్చింది. చమురు ధర సగానికి పడింది, 2016 మొదట్లో 30 డాలర్ల కిందకి వెళ్లింది. కొత్తగా చేరిన ఉద్యోగుల జీతాలు మాత్రం ఎక్కడికీ పోవు. 2014లో దేశ ఆదాయంలో 5 శాతం దగ్గర ఉన్న ప్రభుత్వ అప్పు, 2020 నాటికి 70 శాతం దగ్గరికి పాకింది. అందులో చాలా భాగం పెరిగింది అప్పంటే వణికిన సయీద్ కొడుకు హయాంలోనే! అంకెల్లో చెబితే మీకు బోధపడదేమో, మా ఆఫీసులో ఎలా కనిపించిందో చెబుతాను. అంతకుముందు ప్రభుత్వ ప్రాజెక్టు బిల్లు రెండు నెలల్లో పాసయ్యేది. 2016లో ఆరు నెలలు, ఎనిమిది నెలలు. పెద్ద కాంట్రాక్టర్ మాకు ఆపుతాడు, మేం సబ్ కాంట్రాక్టర్‌కి ఆపుతాం, అతను క్యాంపులో ఉన్న మనవాళ్ల జీతం ఆపుతాడు. ఆ గొలుసు చివర ఉన్నవాడు కరీంనగర్‌లోనో రాజోలులోనో ఉన్న ఇంటికి ఫోన్ చేసి ఈ నెల కూడా డబ్బు రాదని చెబుతాడు. అలాంటి వోచర్లు పక్కన పెట్టమని నాకు పైనుంచి చెప్పేవారు. పెట్టేవాణ్ని.

అడవి జంతువుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మనిషిని పట్టిచ్చే సంగతి. తెల్ల ఒరిక్స్ జింక అడవిలో 1972 నాటికి అంతరించిపోయింది. ఖాబూస్ చొరవతో 1982లో జిద్దత్ అల్ హరాసీస్ ఎడారిలో మళ్లీ వదిలారు, 1994లో ఆ అభయారణ్యానికి యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. పర్యావరణానికి యునెస్కో ద్వారా సుల్తాన్ పేరు మీద ఒక అవార్డే ఉంది. తర్వాత దొంగవేట పెరిగింది, వందల్లో ఉన్న జింకలు 65కి పడిపోయాయి. 2007లో చమురు అన్వేషణ కోసం అభయారణ్యాన్ని 90 శాతం కోసేశారు. వారసత్వ జాబితా నుంచి యునెస్కో తొలగించిన మొట్టమొదటి స్థలం అదే. చమురు దిగుబడి 7 లక్షలకి పడిపోయిన సంవత్సరం కూడా 2007 అని పైన చెప్పాను కదా.

ఇంత జరిగినా జనం ప్రేమ నకిలీది కాదు. 2014 నవంబరులో ఆయన జర్మనీలో చికిత్సలో ఉన్నాడు. జాతీయ దినోత్సవానికి రాలేకపోతున్నానని టీవీలో మాట్లాడాడు. చిక్కిపోయిన మొహం, సన్నబడ్డ గొంతు. మా ఆఫీసులో ఒమనీ కుర్రాళ్లు పనాపి ఫోన్ల చుట్టూ మూగారు. అందులో ఒకడు సొహార్ వాడే, 2011లో ఆ రౌండ్ అబౌట్ దగ్గర కూర్చుని వచ్చినవాడు. వాడే ఎక్కువ ఏడ్చాడు. 2015 మార్చిలో ఆయన తిరిగొచ్చిన రాత్రి కార్ల హారన్లతో ఊరు నిద్రపోలేదు.

ఆయనకి పిల్లల్లేరు, యువరాజు పేరు ఎప్పుడూ ప్రకటించలేదు. రాజ్యాంగం లాంటి 1996 మూలచట్టంలో ఒక ఏర్పాటు పెట్టాడు. ఆయన పోయాక మూడు రోజుల్లో కుటుంబం ఎవర్నో ఒకర్ని ఎంచుకోవాలి, కుదరకపోతే ఆయన రాసి పెట్టిన ఉత్తరం తెరవాలి. 2020 జనవరి 10 రాత్రి పోయాడు. తెల్లారేసరికి కుటుంబం కూర్చుని, మేం ఎంచుకోం, ఉత్తరమే తెరవండి అంది. కవరు విప్పడం టీవీలో చూపించారు. లోపల పేరు హైతమ్ బిన్ తారిఖ్, ఆయనకి తమ్ముడి వరస. ఒక్క తూటా పేలలేదు. అబ్బ ఎంత సాఫీగా జరిగిందో అని ప్రపంచమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. కానీ యాభై ఏళ్లు పాలించాక దేశ భవిష్యత్తు ఒక అతికించిన కవరులో ఉందంటే అది సాఫీతనం మాత్రం కాదు, అదృష్టం.

అందుకే హైతమ్ వచ్చీ రాగానే ఏం మార్చాడో, ఏం ముట్టుకోలేదో చూడమంటాను. విదేశాంగ మంత్రి, ఆర్థిక మంత్రి పదవులు వేరేవాళ్లకి ఇచ్చేశాడు. 2021 జనవరిలో మూలచట్టం మార్చి యువరాజు పదవి పెట్టాడు, ఇక కవర్లు లేవు. 2021 ఏప్రిల్ నుంచి 5 శాతం వ్యాట్. అప్పు 2024కి 35 శాతం దగ్గరికి దిగింది, చమురు ధర కలిసొచ్చిందనుకోండి. 2028 నుంచి ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన ఆదాయం మీద 5 శాతం పన్ను అంటున్నారు, గల్ఫ్‌లో ఇదే మొదటిసారి. ఇక ముట్టుకోనిది, పొరుగువాళ్లతో నడిచే తీరు. అది అక్షరం మారలేదు. ధోఫార్‌లో కుదిరిన శాంతి కూడా అలాగే ఉంది.

మన మనిషి కోణం నుంచి ఒక్కటి చెప్పాలి. భారత ప్రభుత్వం ఖాబూస్‌కి 2019 సంవత్సరపు గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది. మస్కట్‌లో శివాలయం, కృష్ణుడి గుడి నిక్షేపంగా నడుస్తాయి. ఒమన్‌లోని సూర్‌లో మన ఎరువుల సహకార సంఘాలు ఇఫ్కో, క్రిబ్కోల వాటాతో కట్టిన ఫ్యాక్టరీ నుంచి ఏళ్ల తరబడి యూరియా మన రైతులకి వచ్చింది. ఇవన్నీ నిజం. అలాగే, పాత యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వకపోతే ఉద్యోగం మారాలనుకున్నవాడు దేశం వదిలి రెండేళ్లు బయట ఉండాలన్న నిబంధన ఆయన హయాంలోనే 2014లో మళ్లీ బిగిసింది. అర్బాబ్ (యజమాని) పెట్టే బాధ పడలేక బయటికొచ్చి ఖల్లివల్లి (కాగితాల్లేని కూలీలు) అయినవాళ్లు, బతాకా (గుర్తింపు కార్డు) లేకుండా మస్కట్‌లోని హమ్రియా గదుల్లో దాక్కుని, ఇంటికి వెళ్లడానికి ఇచ్చే ఔట్ పాస్ కోసం ఎదురుచూసినవాళ్లు ఎంతమందో. ఆ ఎన్ఓసీ 2021 జనవరి 1న పోయింది, హైతమ్ వచ్చిన ఏడాదికి. ఇక ఇంటిపనికి వెళ్లిన మన కోనసీమ, కడప ఆడవాళ్లయితే ఆనాటి లేబర్ లా కిందకే రారు, 2023లో వచ్చిన కొత్త చట్టం కూడా వాళ్లని బయటే ఉంచింది.

కాబట్టి మీ నాన్నగారి దండాన్ని తప్పు పట్టకండి, అలాగని దాన్నే తీర్పుగా తీసుకోకండి. ఆయన ఏ ఏళ్లలో అక్కడున్నారో, ఏ వీసా మీద ఉన్నారో అడగండి. 1990ల్లో మస్కట్‌లోని రూవీలో మంచి కంపెనీ వీసా మీద ఉన్నవారికి గుర్తుండేది ఒక ఒమన్. 2016లో జీతం రాక క్యాంపులో కూర్చున్నవాడిని అడిగితే వాడు మరో ఒమన్ గురించి చెబుతాడు.